వేషము, సత్యము: నాటకోపాధ్యాయుని ధర్మము

రిసాలి భిలాయి ఉక్కు నగరములో ఒక భాగము. 1955వ సంవత్సరము ఫిబ్రవరిలో సోవియట్ యూనియనుతో కుదిరిన ఒడంబడిక ననుసరించి, దుర్గ్ జిల్లా పల్లెల నడుమ ఇచట ఉక్కు కర్మాగారము వెలసెను. 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి శ్రీ రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించిరి. దేశము నలుమూలలనుండి జనులు పనికై వచ్చి స్థిరపడిరి. వారిలో ఉత్తరాంధ్రమునుండి తరలివచ్చిన తెలుగు కుటుంబములు గూడ అనేకములు. ఇనుపరాయి కరగి ద్రవమగుట, ద్రవము పోతలో పడి రైలు పట్టా యగుట ఇచటి బాలురకు ఇంటిమాట. ఇట్టి ఊర బడిపిల్లలకు గణితమేల, రసాయనశాస్త్రమేల అని అడుగువారుండరు. నాటకమేల అని మాత్రము అడుగుదురు.

ఈ ప్రశ్న రెండు విధములుగా వినబడును. నాటకము వలన ప్రయోజనమేమి అనునది మొదటిది. దీనికి సమాధానము కష్టము కాదు. స్పష్టముగా మాటాడుట, పదిమందిలో నిలుచుట, ఇతరుని మాట పూర్తిగా విని పిదప తన మాట పలుకుట, తన వంతు వచ్చువఱకు వేచియుండుట, ఇవి నాటకశాలలో అలవడినట్లు మఱియొక చోట అలవడవు. 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళికా చట్రము సంగీత నృత్య చిత్రకళల సరసన నాటకమునకు గూడ పాఠశాలలో స్థానము కల్పించినది. కావున ప్రయోజనమును గూర్చిన వాదము ఇంతటితో చాలును.

రెండవ ప్రశ్న లోతైనది. సత్యము పలుకుమని బోధింపవలసిన పాఠశాలలో, కానిదానిని ఐనట్లు చూపు విద్యను నేర్పుట ధర్మమేనా? రాని కన్నీరు తెప్పించుకొనుట, లేని కోపమును నటించుట నేర్చిన బాలుడు రేపు తండ్రియెదుట, పరీక్షాధికారియెదుట, తుదకు దైవముయెదుట గూడ నటింపడని నమ్మక మెక్కడిది? నాటకమును బోధించు వృత్తిని స్వీకరింపదలచినవాడు ఈ ప్రశ్నను తప్పించుకొని పోరాదు.

తొలి గురువు, తొలి శిష్యులు

ఈ సంశయము నేటిది కాదు. గ్రీకు తత్త్వవేత్త ప్లేటో తన ఆదర్శరాజ్యమును వర్ణించుచు, రక్షకులుగా పెరుగవలసిన బాలురు నీచుల నడవడిని అనుకరింపరాదని శాసించెను. బాల్యమునుండి చేసిన అనుకరణము అలవాటగును, అలవాటు స్వభావమగును అని ఆయన భయము. ఆ భయము నిర్హేతుకము కాదు.

మన భరతముని నాట్యశాస్త్రము ఈ విషయమును రెండు కథలలో ఇమిడ్చినది. బ్రహ్మ నాలుగు వేదములనుండి సారము గ్రహించి అయిదవ వేదముగా నాట్యమును సృష్టించి, దానిని దేవతలకు నేర్పుమని ఇంద్రునితో చెప్పెను. దేవతలు ఈ విద్యను గ్రహించుటకు గాని, ధరించుటకు గాని, ప్రయోగించుటకు గాని సమర్థులు కారనియు, వ్రతనిష్ఠులగు మునులే దీనికి తగినవారనియు ఇంద్రుడు విన్నవించెను. అపుడు బ్రహ్మ భరతునకు నేర్పగా, భరతుడు తన నూర్గురు కుమారులకు నేర్పెను. నాట్యమునకు తొలి ఉపాధ్యాయుడు ఆయనయే. ఇంద్రధ్వజోత్సవమున జరిగిన తొలి ప్రదర్శనములో దేవతల విజయమును, దైత్యుల పరాజయమును చూపిరి. అది తమకు అవమానమని దైత్యులు ఆగ్రహించి నటుల వాక్కును, స్మృతిని స్తంభింపజేసిరి. బ్రహ్మ వారిని పిలిచి, నాట్యము దేవతల పక్షమున గాని దైత్యుల పక్షమున గాని నిలుచునది కాదనియు, ముల్లోకముల భావములను యథాతథముగా చూపునదనియు తెలిపెను.

రెండవ కథ గ్రంథము చివర వచ్చును. కాలక్రమమున ఆ నూర్గురు తమ విద్య చూచుకొని గర్వించి, ఋషులను పరిహసించు ప్రదర్శనము చేసిరి. ఋషులు శపించిరి. కుమారులు దుఃఖముతో తండ్రియొద్దకు పోయిరి. భరతుడు వారిని ఓదార్చి, విద్యను నశింపనీయక శిష్యులకు అందింపుడని ఆదేశించెను.

ఈ రెండు కథలను కలిపి చదివినచో ఒక సంగతి తేటపడును. గురువు అతడే, శిష్యులు వారే, విద్య అదియే. ఒకనాడు అది వేదమయ్యెను, మఱియొకనాడు శాపహేతువయ్యెను. కావున దోషము వేషములో లేదు. ఆ వేషమును ఏ బుద్ధితో ధరించిరి, ధరించినపుడు తమ్ము తాము ఎఱిగియుండిరా లేదా, అందు కలదు.

అసత్యమనగా నేమి?

రంగముపై హరిశ్చంద్రుడై నిలిచిన బాలుడు తాను అయోధ్యాధిపతినని చెప్పును. అది అబద్ధమా? కాదు. అతడు రాజు కాడని అతనికి తెలియును, చూచువారికి తెలియును, తెర కట్టినవానికి తెలియును. ఎవరును మోసపోలేదు. ఇది వేషమని అందఱు అంగీకరించిన పిదప వేసిన వేషము అసత్యము కానేరదు. వేషము వేసికొని, అది వేషము కాదని నమ్మించుటయే అసత్యము. ఆ పనికి రంగము అక్కఱలేదు, రంగులు అక్కఱలేదు. నిత్యజీవితమున ఉదయమునుండి రాత్రివఱకు అది జరుగుచునే యున్నది.

శ్రీరామకృష్ణులు చెప్పిన బహురూపి కథ ఇచట స్మరణీయము. ఒక పగటివేషగాడు సర్వసంగ పరిత్యాగి వేషమున ఒక ధనికుని యింటికి వచ్చెను. వారు ధనమీయగా పుచ్చుకొనక వెడలిపోయెను. పిదప వేషము తీసివేసి, ముఖము కడుగుకొని వచ్చి తన కూలి యడిగెను. అపుడేల పుచ్చుకొనలేదనగా, అపుడు త్యాగి వేషముననుంటినని బదులు చెప్పెను. ఆ పేదవానికి రెండు విషయములు తెలియును. వేషముననున్నంతసేపు వేషధర్మమును తప్పరాదు. వేషము విప్పిన పిమ్మట తాను ఆ వేషమునని చెప్పుకొనరాదు. నాటకవిద్య యంతయు ఈ రెండింటిలోనే కలదు.

రిసాలికి చేరువనున్న గనియారి గ్రామమున పుట్టిన తీజన్‌బాయి గానము చేసిన పండవాని ఈ సత్యమునకు ప్రత్యక్షోదాహరణము. ఆమెకు కిరీటములు లేవు, గదలు లేవు. చేతిలో ఒక తంబురా. ఆ తంబురాయే భీముని గద, అదియే అర్జునుని విల్లు. క్షణములో ఆమె ద్రౌపదియై విలపించును, మరుక్షణము దుశ్శాసనుడై గర్జించును, ఆ వెంటనే కథకురాలై నిలిచి తాళగానితో సరసమాడును. ఎన్ని పాత్రలలో ప్రవేశించినదో అన్నిటినుండియు బయటికి వచ్చినది. పాఠశాలలో చదివి నేర్చిన కళ కాదది. ఆ కళకే దేశము 2019లో పద్మవిభూషణ్ పురస్కారమిచ్చి గౌరవించినది. ప్రవేశమెంత కళయో నిష్క్రమణము అంత కళ యని ఆమె గానము చాటినది.

ఉపాధ్యాయుడగుట

నాటకోపాధ్యాయుడు ఎట్లు తయారగును? శిక్షణకు నేడు సంస్థలు కలవు. 1956లో నెలకొల్పబడిన ఇందిరా కళా సంగీత విశ్వవిద్యాలయము భిలాయికి ఎంతో దూరము కాని ఖైరాగఢ్‌లో కలదు. 1959లో ఢిల్లీలో వెలసిన జాతీయ నాటక విద్యాలయము 1989లో బాలల విద్యకై ప్రత్యేక నాటకబృందమును గూడ ఏర్పఱచెను. కాని అనేక పాఠశాలలలో భాషాపండితుడే సాయంకాలము నాటకోపాధ్యాయుడగుచున్నాడు. ఇది మనకు కొత్త కాదు. 1880లో రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు తమ విద్యార్థులచేతనే నాటకములాడించి, ఆధునిక తెలుగు రంగస్థలమునకు బాట వేసిరి. ఆయన జన్మదినమగు ఏప్రిల్ 16ను తెలుగు నాటకరంగ దినోత్సవముగా జరుపుకొనుచున్నాము. ఆ రంగస్థలము ఒక బడిపంతులు ఒడిలో పుట్టినదని మఱువరాదు.

శిక్షణ ఏదైనను, లోపల జరుగవలసినది ఒకటి కలదు. ఈ వృత్తికి వచ్చువారిలో పెక్కుమంది తొలుత తామే రంగముపై వెలుగవలెనని కోరినవారు. ఇంగ్లండులో డొరొతీ హీత్‌కోట్ అను ఆమె 1926లో పుట్టి, 14వ యేట నేతమిల్లులో పనికి చేరినది. నటి కావలెనని ఆశించినది. మిల్లు యజమాని తోడ్పాటుతో నాటకశిక్షణ పొందినది గాని, రంగమున ఆమెకు తగిన పాత్రలు దొరకుట దుర్లభమని గురువులు తేల్చిరి. ఆమె బోధనవైపు మరలినది. ఇరువదియైదు ఏండ్లయినను నిండకముందే విశ్వవిద్యాలయ విద్యాశాఖలో నియమింపబడి, ఉపాధ్యాయులకే ఉపాధ్యాయురాలై, 2011లో మరణించువఱకు లోకమంతట పేరు గాంచినది. ఆమె పద్ధతి విలక్షణము. ఆమె గూడ పిల్లల నడుమ ఒక పాత్రయై ప్రవేశించును. కాని అది రాజపాత్ర కాదు, ఏమియు తెలియనివాని పాత్ర. పిల్లలే నిపుణులు, ఆమె వారి సలహా కోరవచ్చినది. ఇట్లు సర్వము తెలిసిన గురువు అను వేషమును ఆమె మొదట తాను విప్పి, పిమ్మట పిల్లలకు వేషము తొడిగినది.

ఛత్తీస్‌గఢ్ నేలపై ఇట్టి పాఠమునే మఱియొకరు కష్టపడి నేర్చిరి. రాయ్‌పూరులో 1923లో జన్మించిన హబీబ్ తన్వీర్ 1955లో ఇంగ్లండు వెళ్లి నటనాశిక్షణ పొందిరి. తిరిగివచ్చి 1958లో మృచ్ఛకటికమును హిందీలో ప్రదర్శించుచు, తమ ప్రాంతపు నాచా కళాకారులను ఢిల్లీకి తోడుకొనిపోయిరి. పల్లెలో సింహములవలె విజృంభించు ఆ నటులు పట్టణరంగముపై బిగుసుకొనిపోయిరి. కారణము తెలియుటకు ఆయనకు ఏండ్లు పట్టెను. వారిచేత హిందీ పలికించుట, ఇచట నిలువుము, ఇటు తిరుగుము అని గీతలు గీచి నడిపించుట, ఇవి తమ తప్పులని ఆయన పిమ్మట బహిరంగముగా ఒప్పుకొనిరి. ఛత్తీస్‌గఢీలో మాటాడనిచ్చిన నాటినుండి వారు మరల వికసించిరి. తప్పు శిష్యునిలో కాక తన బోధనలో వెదకిన గురువు అరుదు.

రిసాలిలోని తెలుగు బాలునకు ఇంట ఒక భాష, వీధిలో ఒక భాష, తరగతిలో ఒక భాష, పుస్తకములో మఱియొక భాష. ఏ భాషలో అతడు ఏడ్చునో, ఏ భాషలో తల్లిని పిలుచునో ఆ భాష ఉపాధ్యాయుని చెవిన పడవలెను. అతని యాసను చూచి తరగతి నవ్వినచో, ఆ నవ్వును అణచుటకంటె ముందు ఆ యాసకు గౌరవముగల పాత్ర నొకదానిని ఇచ్చుట మేలు.

దుష్టపాత్రకంటె మంచి పాత్ర ప్రమాదకరము

ఒక సన్నివేశమును ఊహింతము. ఉగాదికి తెలుగు పిల్లలచేత హరిశ్చంద్ర నాటకమాడింప ఒక ఉపాధ్యాయుడు పూనుకొనెను. చురుకైన బాలునకు హరిశ్చంద్రపాత్ర, పెంకివానికి నక్షత్రకపాత్ర ఇచ్చెను. ప్రదర్శనము రక్తి కట్టెను. చప్పట్లు మ్రోగెను. మరునాటినుండి బడిలో ఆ రెండవ బాలుని అందఱు నక్షత్రకుడా అని పిలువసాగిరి. మొదట అతడు నవ్వెను. పిదప కోపించెను. తుదకు నక్షత్రకునివలె పీడించుటయే తన గుర్తింపని నమ్మి, చిన్నపిల్లలను వేధింపసాగెను. నాటకము ముగిసి నెలయైనను ఆ వేషము దిగలేదు. ప్లేటో భయపడినది సరిగా ఇదియే.

కాని మొదటి బాలుని సంగతి యేమి? సత్యహరిశ్చంద్రుడని అతనిని అందఱు మెచ్చుకొనిరి. ఇంటికి వచ్చిన చుట్టములయెదుట తల్లి పద్యములు చదివించినది. కొలదిదినములకు గణితపరీక్షలో అతడు ప్రక్కవాని కాగితము చూచి వ్రాసెను. పట్టుబడినపుడు, నేనా, నేను అట్టివాడనా అని నిబ్బరముగా బొంకెను. ఆశ్చర్యమేమనగా, ఆ మాట పలుకునపుడు అతని కంఠమున హరిశ్చంద్రుని గాంభీర్యమే ధ్వనించెను.

ఈ ఇరువురిలో ఎవని స్థితి ఎక్కువ శోచనీయము? నక్షత్రకవేషము గ్రుచ్చుకొనును; కావున ధరించినవాడు ఒకనాడైనను దానిని పెఱికివేయ జూచును. హరిశ్చంద్రవేషము మెత్తగా నుండును. దానిని విప్పవలెనని ఎవనికి తోచును? చెడ్డవాడను పేరు గలవాడు తన్ను తాను పరీక్షించుకొను అవకాశము కలదు. మంచివాడను పేరు గలవాడు ఆ పేరునే తానని నమ్మి నిద్రపోవును.

హరిశ్చంద్ర నాటకము వలన మేలు కలుగదని దీని భావము కాదు. గాంధీమహాత్ముడు బాల్యమున ఆ నాటకమును చూచి, తనలో తాను లెక్కలేనన్నిమార్లు హరిశ్చంద్రుడై నటించెనని ఆత్మకథలో వ్రాసెను. కాని ఆయనకు చప్పట్లు కొట్టువారు లేరు. హరిశ్చంద్రునివలె సత్యవంతులు అందఱును ఏల కారాదని ఆ బాలుడు తన్ను తాను ప్రశ్నించుకొనెను. ఆ పాత్ర ఆయనకు ఆభరణము కాలేదు, కొలబద్ద అయ్యెను. పాత్రను కొలబద్దగా చూపుట, ఆభరణముగా తొడుగుట, ఈ రెండింటికి గల భేదమును ఎఱిగిన ఉపాధ్యాయునియొద్ద పిల్లలకు భయము లేదు.

కావున ప్రదర్శనము ముగిసిన పిదపనే అతని అసలు పని ఆరంభమగును. రంగులు కడిగించి, పిల్లలను వలయముగా కూర్చుండబెట్టి, ఒక్కొక్కరిని వారి సొంత పేరుతో పిలువవలెను. నక్షత్రకుడు అంత కఠినుడు ఏల అయ్యెనని హరిశ్చంద్రుడైనవానిని అడుగవలెను. అప్పు తీర్చలేనివాని వెంట తిరుగువానికి అలసట ఉండదా అని నక్షత్రకుడైనవానిని అడుగవలెను. మరుసటి వారము పాత్రలు మార్చి ఆడింపవలెను. ఇందుకు ప్రేక్షకులు ఉండరు, చప్పట్లు ఉండవు, వార్షికోత్సవపు ఫొటోలు ఉండవు. అందుచేతనే ఇది తఱచుగా జరుగకపోవుచున్నది.

హబీబ్ తన్వీర్ రూపొందించిన 'చరణ్‌దాస్ చోర్' నాటకము 1975లో పూర్ణరూపము పొందెను. అంతకుముందు దాని తొలిరూపమును భిలాయిలోనే ఆరుబయట రంగముపై, సత్నామీ ప్రజలయెదుట ఆడిరి. అందు నాయకుడు దొంగ. గురువుయెదుట వేళాకోళముగా కొన్ని ప్రతిజ్ఞలు చేయును: బంగారు పళ్లెరమున భుజింపను, ఏనుగుపై ఊరేగను, రాణిని వివాహమాడను, రాజును కాను అని. అబద్ధమాడనని మాత్రము గురువు పట్టుబట్టి ప్రమాణము చేయించును. విధివశమున ఆ వైభవములన్నియు అతని ముంగిటికి వచ్చును. అతడు ఒక్కొక్కదానిని కాదనును. తుదకు, జరిగినది ఎవరికిని చెప్పకుమని రాణి కోరగా, ఆ మాటయైన ఇయ్యజాలక ప్రాణము విడుచును. మంచివాడను వేషము అతనికి ఏనాడును లేదు. కనుకనే అతనిలోని సత్యమును ఎవరును వేషమని అనుమానింపజాలరు.

గురువు వేషము

పిల్లల వేషములను విప్పించుటకు పూనుకొన్నవాడు తన వేషమును ఏమి చేయవలెను? ఇది అన్నిటికంటె కష్టమైన ఘట్టము. బహుమతి వచ్చినపుడు నా శిక్షణ యనును. బాలుడు మాట మఱచినపుడు వాని అశ్రద్ధ యనును. తాను కోల్పోయిన రంగస్థలమును పిల్లల దేహములద్వారా తిరిగి సంపాదింప జూచును. అపుడు పిల్లలు అతనికి శిష్యులు కారు, సాధనములగుదురు. గురువు అనునది అత్యంత గౌరవనీయమైన వేషము. కనుకనే దానిని విప్పుట అత్యంత కష్టము.

ఆ వేషమును పూర్తిగా విప్పిన ఉపాధ్యాయుడు ఒకడు పోలండులో ఉండెను. వైద్యుడు, రచయితయగు యానుష్ కోర్చాక్ వార్సా నగరమున నాజీలు బంధించిన యూదుల వాడలో ఒక అనాథాశ్రమమును నడిపెను. 1942 జూలై 18న ఆయన ఆశ్రమపు పిల్లలు రవీంద్రనాథ ఠాకూరు 'డాక్‌ఘర్' నాటకమును ప్రదర్శించిరి. కిటికీయొద్ద కూర్చుండి, రాజుగారి లేఖకై ఎదురుచూచుచు కన్నుమూయు రోగియగు బాలుని కథ అది. మరణమును ప్రశాంతముగా ఎదుర్కొనుట పిల్లలు నేర్చుటకై ఆ నాటకము నెన్నుకొనెనని చెప్పుదురు. కొన్ని వారములైనను గడువకమునుపే, ఆగస్టు ఆరంభమున, దాదాపు 200 మంది పిల్లలను ట్రెబ్లింకా మరణశిబిరమునకు తరలించిరి. తాను తప్పించుకొను అవకాశములు వచ్చినను ఆయన వారిని విడువక వెంట నడిచెను. ఆ ప్రదర్శనమునకు ఏ బహుమతియు లేదు. ఒక నాటకము ఆ పిల్లలను రక్షింపజాలలేదు. కాని వారు ఒంటరిగా పోలేదు. నాటకములో పిల్లలతో నడిచినవాడు నాటకము లేనిచోట గూడ వారితో నడిచెను.

రిసాలి బడిలో సాయంకాలము గంట మ్రోగిన పిదప తెరలు మడత పెట్టు ఉపాధ్యాయునకు అట్టి పరీక్ష రాకుండుగాక. అతనికి వచ్చు పరీక్షలు చిన్నవి: ఏ పాత్ర ఎవనికి ఇచ్చితిని? వాని మేలునకా, ప్రదర్శనపు మేలునకా? నిన్న నవ్వులపాలైన బాలుడు నేడు బడికి వచ్చెనా? చప్పట్లు మ్రోగునపుడు నేనెక్కడ నిలిచితిని?

దేహము ఒక వేషమనియు, లోపలి సాక్షి ఏ పాత్రచేతను అంటబడడనియు వేదాంతము చెప్పును. పదునాలుగేండ్ల బాలునకు ఈ మాట చెప్పిన అర్థము కాదు. కాని కుళాయియొద్ద ముఖమునకు పూసిన రంగు కడుగుకొనుచు, ఇపుడే రాజునైతిని, ఇపుడు కాను, ఐనను నేనున్నాను అని ఒక్క క్షణము అతనికి తోచినచో అతనికి ఒక మహాద్వారము తెఱచుకొన్నట్లే. ఆ సమయమున తుండుగుడ్డ పట్టుకొని ప్రక్కన నిలిచి, అతని సొంత పేరుతో పిలుచువాడే నాటకోపాధ్యాయుడు.